వెనక సీటు సంతకాలు

కార్ల యజమానుల చేత ఫారాలు నింపించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉండేది. "ఏటి బాబూ, ఆళ్ళ కారు బాగుందో నేదో ఆళ్ళకి తెల్దేటి? నువ్వెల్లి అడగాలా?" అనేది. అప్పట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడైతే జవాబు చెప్పగలను. చాలామందికి తమ కారు గురించి తెలియదు. తెలిసినవాళ్ళని మేం అడగలేదు.

ఈమధ్య మా వీధిలోని ఒకమ్మాయి అలాంటి ఉద్యోగంలోనే కొత్తగా చేరింది. కారు కొన్నవాళ్ళని అడిగి, ఏ కారు ఎంత నమ్మకమైనదో లెక్క తేల్చే పని. "అంకుల్, మీరూ ఇదే చేశారట కదా, ఈ సర్వేలు నమ్మొచ్చా?" అని అడిగింది. కాఫీ తాగి వెళ్ళిపోయేంతసేపట్లో చెప్పే జవాబు కాదది. అందుకే రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి ఇందులో ఉండదు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం ఉంటుంది.

పెళ్ళివారి మర్యాద

మాది ఎలమంచిలి దగ్గర పల్లె. వ్యవసాయ కుటుంబం. మెకానికల్ డిప్లొమా చేసి, డెబ్భైల మొదట్లో విశాఖపట్నంలో ఒక కార్ల డీలరు దగ్గర వర్క్‌షాపు సూపర్‌వైజరుగా చేరాను. ఆ రోజుల్లో కొనుక్కుందామన్నా రెండు మూడు రకాల కార్లే ఉండేవి. మేం అమ్మేది ఏ కారో చెప్పను. ఆ కంపెనీ ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు, నేను చెప్పబోయే తప్పులో సగం నాది.

కారు తయారుచేసే కంపెనీ వాళ్ళ హెడ్డాఫీసు సముద్రానికి చాలా దూరంలో, ఉత్తరాన ఉండేది. అక్కణ్ణించి ఏడాదికోసారి అచ్చేసిన ఫారాల కట్ట వచ్చేది. ఇంజను, గేర్లు, బ్రేకులు, సీట్లు, రంగు. ఒక్కోదానికి నాలుగేసి గళ్ళు: చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు. యజమాని ఇంటికి వెళ్ళి గళ్ళలో టిక్కులు పెట్టించి, కింద సంతకం చేయించి తేవాలి. ఇంగ్లీషు రాయగలను, ఊళ్ళో సందులన్నీ తెలుసు అని ఆ పని నాకు అప్పగించారు.

అప్పగించింది మా మేనేజరు వెంకటరత్నం గారు. గుడివాడ వైపు మనిషి. గేటు బయట కారు ఆగిన చప్పుడు విని లోపల కూర్చునే రోగం చెప్పేవారు. పని తెలిసినవాడు కాబట్టి ఫారాలంటే ఆయనకి చిన్నచూపు.

"ఇది పెళ్ళివారి మర్యాద లాంటిదయ్యా," అన్నారు మొదటిరోజు. "చెయ్యి కడుక్కునేటప్పుడు భోజనం ఎలా ఉందండీ అని అడుగుతాం. ఉప్పెక్కువైందని ఎవడన్నా అంటాడా? నువ్వు నవ్వుతూ ఇవ్వు, నవ్వుతూ పుచ్చుకో. అంతకు మించి బుర్ర పెట్టకు."

ఆ పోలిక ఎంత నిజమో మొదటి ఏడాదే తెలిసింది. యూనివర్సిటీలో ఒక లెక్చరరు గారు ఎనిమిదేళ్ళ కిందట పేరు రాయించుకుని, ఎదురుచూసి చూసి కారు తెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా గేర్లు మూడుసార్లు పట్టేశాయి. మా వర్క్‌షాపుకి తాడు కట్టి లాక్కొచ్చింది నేనే. అయినా ఆయన గేర్ల గడిలో 'చాలా బాగుంది' అని పెట్టారు. లోపల్నించి ఆయన భార్య, "అదేమిటండీ, మొన్న రిక్షాలో కదా ఇంటికొచ్చాం?" అంది. ఆయన ఆవిణ్ణి లోపలికి పొమ్మన్నారు. తరవాత గొంతు తగ్గించి నాతో, "ఎనిమిదేళ్ళు ఎదురుచూశానండీ. బాగాలేదని నా చేత్తో నేనెలా రాసుకోను?" అన్నారు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. ఆ గడిలో ఆయన రాసింది గేర్ల సంగతి కాదు, ఆ ఎనిమిదేళ్ళ సంగతి.

దీనికి తలకిందులు ఇంకొకాయన, కురుపాం మార్కెట్లో బట్టల వ్యాపారి. కారు ఏనాడూ మొరాయించలేదు. అయినా పై నుంచి కింది దాకా 'బాగాలేదు' అని పెట్టారు. చివరికి రంగు కూడా బాగాలేదట. ఆరా తీస్తే తెలిసింది: సర్వీసుకి వచ్చిన రోజు మావాళ్ళు ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తరవాత వచ్చిన పక్కకొట్టు యజమానికి కుర్చీ వేశారు.

ఈ రెండు ఫారాలూ ఒకే కట్టలో హెడ్డాఫీసుకి వెళ్ళాయి. అక్కడ ఎవరో రెండూ కలిపి సగటు తీసి ఉంటారు.

ఎవరిని అడగలేదు

అడిగినవాళ్ళు ఇలా ఉంటే, అడగనివాళ్ళ సంగతి ఇంకా పెద్దది.

నా చేతికిచ్చే పేర్ల జాబితాలో కారు అమ్మేసినవాళ్ళ పేర్ల మీద ఎర్రగీత ఉండేది. వాళ్ళ దగ్గరికి వెళ్ళక్కర్లేదు. ఎందుకు అమ్మేశారని ఎవరూ అడగలేదు. విసిగి వదిలించుకున్నవాడు జాబితాలోంచి పోతాడు, ఇష్టపడి ఉంచుకున్నవాడు మిగులుతాడు. ఏడాదికేడాది జాబితాలో తృప్తి పెరుగుతూ పోయేది. అది చూసి కంపెనీ సంతోషించేది.

ఆదివారం మాత్రమే సింహాచలం కొండకి వెళ్ళొచ్చే కారూ, రోజంతా స్టేషనుకీ గాజువాకకీ మధ్య తిరిగే టాక్సీ, రెండూ ఫారానికి ఒకటే. ఎంత దూరం తిరిగిందన్న ప్రశ్న అందులో లేదు.

ఇక మల్కాపురం. ఓడరేవుకీ ఆయిల్ రిఫైనరీకీ ఆనుకుని ఉన్న పేట. ఉప్పుగాలి, ఖనిజం దుమ్ము, పొగ. అక్కడి టాక్సీవాళ్ళు మొదటి ఏడాది నాకు బోలెడు లోపాలు చెప్పారు. అన్నీ రాసుకొచ్చాను. వెంకటరత్నం గారు ఆ ఫారాలు విడిగా తీసి బల్ల సొరుగులో పడేశారు. "వాళ్ళకి సణుగుడు అలవాటయ్యా. వీటిని కలిపితే ఊరి మొత్తానికీ చెడ్డపేరు." మరుసటి ఏడాది నేనే అటు వెళ్ళడం మానేశాను. చెప్పించుకోకుండానే మానేశాను. కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పై అధికారి ఒకసారి పక్కన పెట్టినదాన్ని రెండోసారి మనమే తేవడం మానేస్తాం. అబద్ధం మొదలయ్యేది అక్కడే.

అప్పలస్వామి

పట్టాభిరామయ్య గారని పోర్టులో క్లియరింగ్ ఏజెంటు ఉండేవారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డారు. వాల్తేరు అప్లాండ్స్‌లో ఇల్లు. మంచి మనిషి. ఆయన కారు నడిపేవాడు అప్పలస్వామి. మల్కాపురంలో ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, మాట తక్కువగా ఉండేవాడు. అతని భార్య సన్యాసమ్మది ఎలమంచిలి పక్క ఊరే. అది తెలిసినప్పట్నించీ నన్ను సారనడం మానేసి 'బావా' అనేవాడు.

ఆ ఏడాది ఫారం తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పట్టాభిరామయ్య గారు వరండాలో పేపరు చదువుతున్నారు. "మన బండికేవండీ బాబూ, బంగారం! మీరే పెట్టేసుకోండి, నేను సంతకం చేసేస్తాను," అన్నారు. నేనే టిక్కులు పెట్టాను. బ్రేకుల దగ్గర ఆగి, "బ్రేకులెలా ఉన్నాయండీ?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన ఏనాడూ స్టీరింగు పట్టుకోలేదు. వెనక సీట్లో కూర్చుని కాయితాలు చూసుకుంటారు. "బావున్నాయండీ, కుదుపు లేకుండా ఆపుతాడు మావాడు," అన్నారు. 'చాలా బాగుంది' గడిలో టిక్కు పెట్టి, పక్కన నా రాతలో ఇంగ్లీషులో 'కుదుపు లేదు, పూర్తి తృప్తి' అని రాశాను. ఆయన సంతకం చేశారు.

గేటు దగ్గర అప్పలస్వామి కారు తుడుస్తున్నాడు.

"బావా, ఒక మాట," అన్నాడు. "బ్రేకాయిల్ తగ్గిపోతన్నాది. నెలకోపాలి పోత్తన్నాను. కింద మరకేటీ కనపడ్నేదు. ఎక్కడికి పోతన్నాదో తెల్డం నేదు."

"అయ్యగారికి సెప్పినావా?"

"సెప్పినాను. పోసుకోరా అన్నారు. మీ వర్క్‌షాపుకి తెత్తే, మీవోళ్ళూ పోసి పంపేసినారు. నువ్వా కాయితంలో రాత్తావేటి?"

ఆ కాయితంలో రాయాలంటే పెట్టిన టిక్కు కొట్టెయ్యాలి. మళ్ళీ వరండాలోకి వెళ్ళి కొత్త ఫారం మీద సంతకం అడగాలి. డ్రైవరు మాట పట్టుకుని యజమాని మాట మార్చమనాలి. పైగా ఇంకా ఐదిళ్ళు తిరగాలి.

"రాత్తాన్లే బావా," అన్నాను. స్కూటరు ఎక్కి వెళ్ళిపోయాను.

రాయలేదు. మరిచిపోలేదు కూడా. ఆ వారం రెండు మూడుసార్లు గుర్తొచ్చింది. బ్రేకు ఆయిలు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. మెకానికల్ చదివినవాడికి అంతకన్నా చెప్పేదేముంది? కారు పిలిపించి కింద పడుకుని చూస్తే గంట పని. 'వచ్చే సర్వీసులో చూద్దాం' అనుకున్నాను.

వాలు రోడ్డు

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్న పదిగంటల వేళ అప్పలస్వామి పట్టాభిరామయ్య గారి అమ్మాయిని కాలేజీ దగ్గర దింపి, ఖాళీ కారుతో సముద్రం వైపు దిగే వాలు రోడ్డు మీద వస్తున్నాడు. మధ్యలో బ్రేకు తొక్కితే పెడలు నేలకి ఆనుకుపోయింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అంతే. ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాలకీ ఆయిలు ఒకే దారిలో వెళ్ళేది. ఒక్కచోట గొట్టం తెగితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోయేవి. హ్యాండుబ్రేకు లాగాడు. బండి పక్కకి తిరిగింది కాని ఆగలేదు. కింద మలుపులో బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. వాళ్ళని తప్పించడానికి స్టీరింగు ఎడమకి కోసి ఒక ప్రహరీగోడకి కొట్టాడు.

ఆ గోడ వెంట జాలరిపేట నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నూకాలమ్మ ఎక్కి వస్తోంది. అక్కడికక్కడే పోయింది. అరవై ఏళ్ళ మనిషి. ఆ వీధుల్లో అందరికీ తెలిసిన గొంతు.

అప్పలస్వామికి చెయ్యి విరిగింది. ఆసుపత్రి నుంచి నేరుగా పోలీసులు తీసుకెళ్ళారు.

కారుని మా వర్క్‌షాపు ఆవరణలోనే పెట్టారు. మర్నాడు పొద్దున్న అందరికన్నా ముందు వెళ్ళి కారు కిందకి దూరాను. బ్రేకు ఆయిలు వెళ్ళే సన్నని ఇనుప గొట్టం కారు అడుగున పొడుగునా ఉంటుంది. దాన్ని అక్కడక్కడ రేకు పట్టీలతో బిగిస్తారు. నడి మధ్యన ఒక పట్టీ దగ్గర గొట్టం తెగి ఉంది. గోడకి తగిలింది ముందు భాగం. ఈ పట్టీ దానికి చాలా దూరం. పట్టీ కింద ఉప్పుతడి చేరి గొట్టాన్ని ఏళ్ళ తరబడి తినేసింది. దెబ్బకి తెగిన ఇనుము తెగినచోట మెరుస్తుంది. ఇది తెగినచోట లోపలిదాకా మట్టిరంగులో ఉంది. ముందు సూదిమొన అంత చిల్లి పడి ఉంటుంది. తొక్కినప్పుడల్లా రెండు చుక్కలు గాల్లోకి చిమ్మి ఉంటాయి. అందుకే ఆగినచోట మరక కనపడలేదు.

వెంకటరత్నం గారికి చెప్పాను. తెల్ల చొక్కాతోనే ఆయన కారు కిందకి దూరారు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నువ్వు చూసింది నిజమే," అన్నారు. గుడ్డ పక్కన పడేసి, "ఇన్స్పెక్టరు వచ్చి ఆయన చూసింది ఆయన రాసుకుంటాడు. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిదానికి నోరు తెరవకు," అన్నారు.

వాహనాల ఇన్స్పెక్టరు వచ్చి, గొట్టం దెబ్బకి తెగి ఉండవచ్చని రాశాడు. కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరు నా ఫారాల కట్ట తెప్పించుకుని, పట్టాభిరామయ్య గారి ఫారం బయటికి తీసి, "ఇది చాలు," అన్నాడు.

గుర్తు లేదు

కోర్టులో నన్ను సాక్షిగా పిలిచారు. అప్పలస్వామి చేతికి కట్టుతో బోనులో నిలబడి ఉన్నాడు. అతనివైపు వకీలు ఒక కుర్రాయన. ఎవరో బంధువులు బతిమాలి పెట్టుకున్నారు.

పోలీసుల తరఫు వకీలు ఫారం చూపించాడు. "ఈ రాత మీదేనా?"

"నాదేనండి."

"బ్రేకుల గురించి యజమాని ఏమైనా ఫిర్యాదు చేశారా?"

"లేదండి."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాని కుర్ర వకీలు లేచాడు. "యజమాని సరే. ఆరోజు గేటు దగ్గర డ్రైవరు మీతో బ్రేకు ఆయిలు తగ్గిపోతోందని చెప్పాడా, లేదా?"

అడగనిదానికి నోరు తెరవకు అన్నారు మేనేజరు. ఇప్పుడు అడిగారు. ఇక నాకు ఏ సాకూ లేదు. తల ఎత్తితే అప్పలస్వామి కనిపించాడు. అతని ముఖంలో కోపం లేదు. నాకు గుర్తు తెప్పిద్దామన్నట్టు మెడ కొంచెం ముందుకి వంచి చూస్తున్నాడు.

అవునంటే తరవాతి ప్రశ్న నాకు తెలుసు: మరి ఎందుకు రాయలేదు? ఎందుకు బాగుచెయ్యలేదు? మాకు రెండో పిల్ల పుట్టి నెలరోజులైంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. కాని ఈ ముక్క రాయకపోతే ఇదంతా రాయడం దండగ: ఉద్యోగం కన్నా ఎక్కువగా, అంతమంది ముందు తప్పు నాదని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

"గుర్తు లేదండి," అన్నాను.

పట్టాభిరామయ్య గారు కూడా తనకెవరూ చెప్పలేదనే అన్నారు. ఆయన అబద్ధమాడారని నేననుకోను. డ్రైవరు చెప్పిన మాట ఆయన చెవిలో పడి ఉంటుంది, మనసులో పడి ఉండదు. నాకు మనసులోనే పడింది. అందుకని ఆయనకున్న మినహాయింపు నాకు లేదు.

నిర్లక్ష్యంగా నడిపినందుకు అప్పలస్వామికి ఏడాది జైలుశిక్ష పడింది. లైసెన్సు రద్దయింది. సన్యాసమ్మ కొత్త ఇళ్ళు కడుతున్నచోట ఇటుకలు మొయ్యడానికి కుదురుకుంది.

సముద్రం లేని ఊరి ప్రశ్నలు

ఆ తరవాత వర్క్‌షాపుకి ఏ కారు వచ్చినా ఆ పట్టీ విప్పి చూడడం మొదలుపెట్టాను. పోర్టు చుట్టుపక్కల, బీచి పక్కన తిరిగే పాత కార్లలో చాలావాటికి అదే తుప్పు. సముద్రానికి దూరంగా ఉన్న నర్సీపట్నం వైపు నుంచి వచ్చేవాటికి లేదు. ఫారాలు తయారుచేసిన ఊళ్ళో సముద్రం లేదు. దేశమంతటి కార్లూ కలిపి సగటు తీస్తే మా ఊరి తుప్పు అందులో కలిసి మాయమైపోయింది. సొరుగులో పడేసిన మల్కాపురం ఫారాలు వెతికి తీశాను. ఇద్దరు టాక్సీవాళ్ళు చెప్పింది నా రాతలోనే ఉంది: బ్రేకు ఆయిలు ఊరికే తగ్గుతోంది.

కంపెనీకి ఉత్తరం రాశాను. యజమానుల అభిప్రాయ సేకరణలో బ్రేకుల పట్ల పూర్తి తృప్తి వ్యక్తమైంది కాబట్టి చర్య అవసరం లేదని జవాబొచ్చింది. నేను పోగుచేసిన టిక్కులే నాకు తిరిగొచ్చాయి.

ఆ జవాబు వెంకటరత్నం గారు కూడా చదివారు. మర్నాడు నోటీసు బోర్డు మీద ఆయన చేతిరాత: మూడేళ్ళు దాటిన ప్రతి కారుకీ ఆ గొట్టం మార్చాలి, యజమాని అడిగినా అడక్కపోయినా. హెడ్డాఫీసుకి చెప్పలేదు. రిటైరయ్యేదాకా ప్రతి కారు కిందా ఆయనే స్వయంగా చూసేవారు.

ఐస్ గది దగ్గర

అప్పలస్వామి బయటికి వచ్చాడని విని కూడా చాలా నెలలు వెళ్ళలేకపోయాను. ఫిషింగ్ హార్బరులో ఐస్ దిమ్మలు కొట్టే పనిలో ఉన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. నన్ను చూసి గునపం పక్కన పెట్టి వచ్చాడు.

"బావా, కోర్టులో నాను అబద్ధం సెప్పినాను," అన్నాను.

"తెల్సు."

"గుర్తుండే సెప్పినాను."

"అదీ తెల్సు బావా. మర్సిపోయినోడు గుర్తు తెచ్చుకుందారని పైకి సూత్తాడు. నువ్వు కిందకి సూసినావు."

తెగిన గొట్టం గురించి చెప్పాను. పట్టీ దగ్గరి తుప్పు, మట్టిరంగు, ప్రమాదం జరిగిన మర్నాడే నేను చూడడం, అన్నీ చెప్పాను. అతను ఉన్నచోటనే కూలబడ్డాడు.

"అయితే పైపేనేటి?"

"పైపే బావా."

"జైల్లో రోజూ నా కాలునే తిట్టుకున్నాను. బ్రేకు మీంచి జారిపోనాదేమో, ఆ ముసిల్దాన్ని నానే సంపేసినానేమో అనుకున్నాను. అందరూ అదేమాట అంటంటే నాకూ అలాగే అనిపించింది." ముఖం తుడుచుకున్నాడు. "ఇది అప్పుడే సెప్పుంటే, శిచ్చ పడితే పడేది బావా. నామీద నాకు అనుమానం ఉండకపోను."

అతను లేచి మళ్ళీ గునపం అందుకున్నాడు.

జాలరిపేటలో నూకాలమ్మ కూతురి ఇంటికి కూడా వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి అంతా విన్నది. "పైపో, కాలో, మాకేటి బాబూ? మాయమ్మ రాదు కదా," అని లోపలికెళ్ళిపోయింది. అది నిజమే.

కుర్ర వకీలుని వెతికి పట్టుకుని జరిగిందంతా రాసి సంతకం చేసి ఇచ్చాను. పై కోర్టుకి వెళ్దామన్నాడు. అప్పలస్వామి ఒప్పుకోలేదు. "మల్లీ ఆ బోనెక్కమంటారేటి? నావల్ల కాదు," అన్నాడు. నాకు ఏ శిక్షా పడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఉద్యోగం కూడా ఉంది. అదీ ఇక్కడ రాయాలి.

మరి నమ్మొచ్చా

ఎనభైల్లో ఊరు మారింది. స్టీల్‌ప్లాంటు పనులతో కార్లు పెరిగాయి. కొత్తరకం చిన్న కార్లు వచ్చాయి. మా డీలరు సొంతంగా ఒక సర్వే పెట్టి ఆ బాధ్యత నాకిచ్చాడు. ఈసారి ఫారం నేనే తయారుచేశాను. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు ఆ ఫారంలో ఉంది.

బాగుందా అని అడగడం తీసేశాను. బాగుందా అని అడిగితే మనిషి తన గురించి చెప్తాడు. ఏ భాగం, ఎన్నిసార్లు, ఎంత దూరం తిరిగాక, ఏ నెలలో పాడైందో చెప్పమంటే కారు గురించి చెప్తాడు. నడిపేవాడు వేరైతే అతన్ని విడిగా అడిగి, అతని పేరే రాశాను. అమ్మేసినవాళ్ళ ఇళ్ళకి ముందు వెళ్ళాను. ఉప్పుగాలి ఊళ్ళనీ, లోపలి ఊళ్ళనీ కలపలేదు. వర్క్‌షాపులో మార్చిన సామాను పుస్తకం పక్కన పెట్టుకుని ఫారం చదివాను.

ఇంత చేసినా సర్వే కారుని చూడదు, కారు గురించి మనుషులు అన్న మాటలు వింటుంది. ఒకరికొకరు తెలియని పదిమంది ఒకే భాగం పేరు చెప్తే తప్పకుండా నమ్మండి, ఆరోజే వెళ్ళి కారు కింద చూడండి. వందమంది తృప్తి అంటే మాత్రం తొందరపడకండి. నా ఇరవై ఏళ్ళలో ఫిర్యాదు అబద్ధమైతే నాలుగు రోజుల్లో బయటపడిపోయింది. తృప్తి అబద్ధమైతే బయటపడడానికి ఒక మనిషి ప్రాణం పోవాల్సి వచ్చింది.

లైసెన్సు

నేను వకీలుకి రాసిచ్చిన కాయితం, వర్క్‌షాపు ఉత్తరం పట్టుకుని రవాణా ఆఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాను. చివరికి అప్పలస్వామికి మళ్ళీ లైసెన్సు ఇస్తామన్నారు. పరీక్ష మాత్రం కొత్తగా నడిపి చూపించాలి. పట్టాభిరామయ్య గారు కబురు తెలిసి, మళ్ళీ తన దగ్గరే చేరమన్నారు.

పరీక్షకి వారం ముందు, చెయ్యి అలవాటు కావాలని, వర్క్‌షాపు కారు తీసుకుని అతన్ని సముద్రం పక్కన ఖాళీ మైదానానికి తీసుకెళ్ళాను. పొద్దున్నపూట. ఎవరూ లేరు. బయల్దేరేముందు కారు కింద పడుకుని ఇద్దరం కలిసి చూశాం. గొట్టం కొత్తది. అతను వేలితో ఆ చివర నుంచి ఈ చివరకి తడిమాడు.

స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు, గుండీలు మెడ దాకా పెట్టుకుని. గేరు వేసి మెల్లగా పోనిచ్చాడు. చెయ్యి ఏమీ మరచిపోలేదు. యాభై గజాలు వెళ్ళాక బ్రేకు తొక్కాడు. ఆగింది. మళ్ళీ పది గజాలు, మళ్ళీ తొక్కాడు. ఆగింది. మళ్ళీ ఐదు గజాలు. అలా మైదానం సగం కూడా దాటకుండా ఎన్నిసార్లు ఆపాడో లెక్కపెట్టలేదు. చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆఖరికి ఇంజను ఆపేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బండి బాగుంది బావా," అన్నాడు.

"పోనీ ఇంకోపాలి సూడు. తొందరేటి లేదు."

"ఆగుతన్నాది. పెతీపాలీ ఆగుతన్నాది. అయినా తొక్కే ముందు పెతీపాలీ ఆ ముసిల్ది తట్టతో ఎదురొత్తన్నాది."

దిగి తలుపు మెల్లగా వేశాడు. నేను దింపుతానన్నా వద్దన్నాడు. హార్బరు వైపు వెళ్ళే సిటీ బస్సు దూరంగా వస్తుంటే చెయ్యెత్తి ఆపి ఎక్కాడు. పరీక్ష రోజు నేను రవాణా ఆఫీసు మెట్ల దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. అతను రాలేదు.